దాన్ని మందు అనకండి

జ్వరం వస్తే వేసుకునేది మందు. పుండుకు రాసుకునేది మందు. అడవిలో వేరు తవ్వి అరగదీసి ఇచ్చేదీ మందే. అదే మాటను మనం ఒక విషానికి కూడా పెట్టి పిలుస్తున్నాం. గడ్డి మందు అంటున్నాం. కోట్లు ఖర్చు పెట్టినా ఏ కంపెనీకీ ఇంత మంచి ప్రచారం దొరకదు. మన నోటితో మనమే ఉచితంగా చేసి పెడుతున్నాం.

సీసా మీద ఉండే దాని పేరు పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్‌.ఎల్‌. గ్లైఫోసేట్‌నూ మనవాళ్ళు గడ్డి మందు అనే అంటారు కానీ రెండూ ఒకటి కావు. ఈ వ్యాసం పారాక్వాట్ గురించే. మిగతావన్నీ మంచివని దీని అర్థం కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం గ్లైఫోసేట్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. దాని లెక్క వేరే తేల్చాలి. కానీ విరుగుడు లేని విషం ఒకటి ఎరువుల దుకాణంలో ఉప్పూ పప్పులా దొరుకుతుంటే, ముందు దాని సంగతి చూడాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పారాక్వాట్‌ను జాగ్రత్తగా వాడే పద్ధతి మన పల్లెల్లో లేదు, ఉండబోదు. దాన్ని దేశమంతటా శాశ్వతంగా నిషేధించాలి.

ఇక మీదట ఈ వ్యాసంలో దాన్ని గడ్డి విషం అనే అంటాను. మీరూ అలాగే పిలవండి.

లోపలికి పోతే ఏం జరుగుతుంది

1955లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ శాస్త్రవేత్తలు దీనికి పచ్చని ఆకును మాడ్చే గుణం ఉందని కనిపెట్టారు. 1962లో గ్రమాక్సోన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఎండలో కొడితే గంటల్లో ఆకు వాడుతుంది, ఒకటి రెండు రోజుల్లో చేను ఎండు గడ్డిలా అవుతుంది. రైతు కంటికి అది గొప్ప పనిగానే కనిపిస్తుంది. నిజానికి అది పైనున్న పచ్చదనాన్నే కాలుస్తుంది, వేరు జోలికి పోదు. తుంగ, గరిక మళ్ళీ లేస్తాయి. మళ్ళీ సీసా కొనాలి. నేలలో పడింది బంకమట్టిని పట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

ఆకులో చేసే పనే అది మనిషిలోనూ చేస్తుంది. నోట్లోకి వెళ్ళింది గుక్కెడే అయినా నోరు, గొంతు పుండ్లు పడతాయి. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి, కాలేయం దెబ్బతింటుంది. ఊపిరితిత్తుల కణాలు ఈ విషాన్ని తమంతట తామే లోపలికి లాక్కుంటాయి. అక్కడ అది ఆక్సిజన్‌తో కలిసి కణాలను కాల్చే పదార్థాలను పుట్టిస్తూనే ఉంటుంది. మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఊపిరాడని మనిషికి ఆక్సిజన్ పెట్టాలని ఎవరికైనా తెలుసు. ఈ విషం తాగినవాళ్ళకు ఆక్సిజన్ పెట్టడానికే డాక్టర్లు వెనకాడాల్సి వస్తుంది, ఎందుకంటే అదే ఈ మంటకు మేత.

అన్నిటికన్నా ఘోరమైన సంగతి ఇంకోటి ఉంది. ఈ విషం తాగినవాళ్ళు చాలామంది వెంటనే స్పృహ తప్పరు. మాట్లాడతారు, నడుస్తారు. ఇంటివాళ్ళు బతికాడులే అనుకుంటారు. రోజులు గడిచేకొద్దీ, కొందరికి వారాలు గడిచేకొద్దీ ఊపిరి తగ్గిపోతుంది. నన్ను బతికించండి అని అడుగుతూ చనిపోయేవాళ్ళే ఎక్కువ. విరుగుడు లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉట్నూరు అడవిలోని గూడెం నుంచి వచ్చినా, హైదరాబాద్ బంజారాహిల్స్ నుంచి వచ్చినా ఈ విషయంలో తేడా లేదు. తేడా అల్లా మనం ఆసుపత్రికి చేరేసరికి సగం రోజు పోవడమే.

శ్రీలంకలో 2002 నుంచి 2008 వరకు పురుగుమందులు తాగి ఆసుపత్రులకు వచ్చిన 9,302 మందిని డాక్టర్లు వరుసగా పరిశీలించారు. గ్లైఫోసేట్ తాగినవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురు చనిపోయారు. పారాక్వాట్ తాగినవాళ్ళలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. మనిషి బాధ ఒక్కటే, తొందరపాటు ఒక్కటే. చేతికందిన సీసాను బట్టి ఒకరు ఇంటికి వచ్చారు, ఒకరు రాలేదు.

అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో దీని స్థానం "మధ్యస్థ ప్రమాదం". ఎందుకు? ఆ పట్టిక ముఖ్యంగా ఎలుకల మీద చేసిన పరీక్షల కొలతతో కట్టింది. ఎంత మోతాదుకు సగం ఎలుకలు చస్తాయన్నది దాని లెక్క. విరుగుడు ఉందా లేదా, ఆసుపత్రి ఎంత దూరం అన్నది అందులో లేదు. ఆ మధ్యస్థ అన్న మాటను పట్టుకునే కంపెనీలు దశాబ్దాలుగా వ్యాపారం చేసుకుంటున్నాయి.

"జాగ్రత్తగా వాడుకోవాలి" అనే మాట

నిషేధించమని అడిగితే మొదట వచ్చే జవాబు ఇది. చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు, ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటే ఏమీ కాదంటారు. ఈ మాట చెప్పేవాళ్ళను వానాకాలం ఎండ విరగకాసే రోజున ఒళ్ళంతా రబ్బరు తొడుక్కుని, పదిహేను లీటర్ల పంపు వీపున మోస్తూ, నల్లరేగడి బురదలో ఒక ఎకరం నడవమనండి. ఆ తర్వాత మాట్లాడదాం.

మన దగ్గర జరిగేదేమిటి? పంపు మూత దగ్గర కారుతుంది, వీపు తడుస్తుంది. ముళ్ళు గీరిన కాళ్ళు, కొడవలి తెగిన వేళ్ళు ఉంటాయి. ఆ గాయాల్లోంచి విషం దిగుతుంది. నాజిల్‌లో నలుసు అడ్డుపడితే నోటితో ఊదేవాళ్ళూ ఉన్నారు. కొలతకు సీసా మూతే వాడతారు. మిగిలింది ఇంకో సీసాలో పోసి చూరులో దోపుతారు. ఖాళీ డబ్బా కడిగి నీళ్ళకో, కిరోసిన్‌కో వాడతారు. సీసా మీద చీమ తలకాయంత అక్షరాలుంటాయి. ఇంట్లో గోండీ, కొలామీ, కోయ మాట్లాడే మనిషికి, బడి ముఖం చూడని మనిషికి ఆ కాగితం ఏం చెబుతుంది? చదవలేని హెచ్చరిక హెచ్చరికే కాదు. అది కంపెనీ తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్న కాగితం.

పెన్‌గంగ అవతల యవత్మాల్ ఉంది. మనలాంటి నల్లరేగడే, మనలాంటి పత్తే, అక్కడా గోండులు, కొలాములే. 2017లో పత్తి చేలకు పురుగుమందులు కొడుతూ అక్కడ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అవి పురుగుమందులు, ఇది గడ్డి విషం. కానీ పంపు అదే, వీపు అదే. అప్పుడూ రైతులు, కూలీలు తొడుగులు వేసుకోలేదనే మాటే వినిపించింది. చచ్చినవాడిదే తప్పు అని తేల్చేయడం ఎంత సులువో చూడండి.

కంపెనీలు నీలి రంగు కలిపాయి, కంపు కలిపాయి, వాంతి చేయించే పదార్థం కలిపాయి. చావులు ఆగలేదు. అమెరికా ఇంకా వాడుతోంది కదా అంటారు. అక్కడ శిక్షణ పొంది, ధ్రువపత్రం ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. అయినా పారాక్వాట్ వాడినవాళ్ళకు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని అక్కడి పరిశోధకులే రాశారు. వేలాది మంది కోర్టుకెక్కారు. మనకు ఆ శిక్షణా లేదు, ఆ కోర్టు ఖర్చులూ లేవు.

"కూలీలు దొరకడం లేదు" అనే మాట

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మన రైతు ఈ విషాన్ని సరదాకు కొనడం లేదు. ఎందుకు కొంటున్నాడో చూడకుండా నిషేధం అడిగితే అది పట్నం మాట అవుతుంది.

ఒకప్పుడు మన చేలల్లో జొన్న, కంది, మినుము, పెసర కలిసి ఉండేవి. జొన్న నీడకు, కంది గుబురుకు గడ్డి అణిగేది. సాలు మధ్యలో గుంటుక, దంతె తోలితే మిగిలినదీ పోయేది. పత్తి వచ్చాక చేనంతా ఒకే పంట అయింది. పత్తి మొక్క చిన్నగా ఉన్నప్పుడు సాళ్ళ మధ్య నేల బోడిగా ఉంటుంది, అందులో గడ్డి లేస్తుంది. వాన నాలుగు రోజులు వదలకపోతే గుంటుక నడవదు. వాన తెరిపిచ్చిన రోజున ఊరందరికీ ఒకేసారి కలుపు కూలీలు కావాలి. ఎడ్లు అమ్ముకున్నాం, మేపడానికి బీడు లేదు. పొలాల పండుగ నాడు పూజ చేయడానికి ఎడ్ల జత కోసం పక్కింటి వైపు చూసే ఇళ్ళు పెరిగాయి. ఎడ్లు లేని ఇంట్లోకి సీసా వచ్చింది.

ఆ సీసా నగదుకు రాదు, ఉద్దెరకు వస్తుంది. పోడు భూమికి పట్టా లేని రైతుకు, కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇవ్వదు. విత్తనం, ఎరువు, విషం మూడూ ఒకే షావుకారు ఇస్తాడు. ఏది కొట్టాలో, ఎంత కొట్టాలో కూడా అతనే చెబుతాడు. పత్తి ఏరాక అతనే కాంటా వేసి కొంటాడు. అమ్మేవాడే సలహాదారు, అప్పిచ్చేవాడు, కొనేవాడు అయినప్పుడు "రైతు ఇష్టపడి కొంటున్నాడు" అనడం అన్యాయం.

ఇంకో మాట ఎవరూ అనడం లేదు, నేనంటాను. కలుపు కూలీ మన ఆడవాళ్ళ చేతికి వచ్చే డబ్బు. కలుపు తీసే పది మంది ఆడవాళ్ళ కూలీని ఒక సీసా మింగేసింది. ఆ డబ్బు ఊళ్ళో పిల్లల బట్టలకు, పుస్తకాలకు, సంతలో ఉల్లిగడ్డకు తిరిగేది. ఇప్పుడది దుకాణం దాటి, జిల్లా దాటి పోతోంది. కూలీలు లేరంటున్న ఊళ్ళోనే ఆడవాళ్ళు పని లేదని కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం.

కాబట్టి నిషేధంతో పాటు ఇవి అడగాలి. ఐ.టి.డి.ఎ. ద్వారా ఊరుమ్మడిగా కలుపు తీసే యంత్రాలు అద్దెకు దొరకాలి. ఎడ్ల జతకు సాయం కావాలి. పత్తి సాళ్ళ మధ్య పెసర, మినుము, బొబ్బర వేసే రైతుకు విత్తనం ఇవ్వాలి. బదులు పని మన పాత అలవాటే. ఈరోజు నీ చేను, రేపు నా చేను. దాన్ని మళ్ళీ లేపడానికి ఎవరి జీవో అక్కర్లేదు.

వాళ్ళ కలుపు, మన కూర

గునుగు, తుమ్మి, చెంచలి, దొగ్గలి, పొన్నగంటి, గలిజేరు, పాయల కూర. వీటిలో ఏదీ మనం విత్తలేదు. వానతో పాటు అవే వస్తాయి. వానాకాలంలో సంతకు పోవడానికి వాగులు దాటలేని రోజుల్లో మన ఇళ్ళకు కూర అవే. రక్తం తక్కువైన బాలింతకు, ఎదిగే పిల్లకు అవే బలం. గడ్డి విషానికి కూరా గడ్డీ తేడా తెలియదు, పచ్చగా ఉన్నదల్లా కాలుస్తుంది. గట్టు మీద విషం కొట్టిన సంగతి తెలియక మర్నాడు అదే గట్టున కూర కోసుకునే పిల్లలున్నారు. అదే గట్టున మేక మేస్తుంది. ఒక పక్క అంగన్‌వాడీలో ఐరన్ మాత్రలు ఇస్తూ, ఇంకో పక్క ఐరన్ ఉన్న ఆకును కాల్చే విషానికి లైసెన్సు ఇవ్వడం ఏ రకం తెలివి?

"చావాలనుకున్నవాడు ఎట్లాగైనా చస్తాడు" అనే మాట

ఇది అన్నిటికన్నా క్రూరమైన మాట, పైగా అబద్ధం. పల్లెల్లో విషం తాగేవాళ్ళలో చాలామంది నెలల తరబడి ఆలోచించి తాగరు. ఇంట్లో గొడవ, అప్పులవాడి మాట, పరీక్ష తప్పిన సిగ్గు. ఒక గంట, ఒక్కోసారి కొన్ని నిమిషాల కోపం. ఆ గంట దాటితే మనిషి బతుకుతాడు, మళ్ళీ నవ్వుతాడు. ఆ గంటలో చూరులో ఏముందన్నదే చావు బతుకుల్ని తేలుస్తోంది.

దీనికి లెక్కలున్నాయి. దక్షిణ కొరియా 2011లో పారాక్వాట్ అనుమతి రద్దు చేసి, 2012లో అమ్మకం ఆపేసింది. పురుగుమందులు తాగి చనిపోయేవాళ్ళు 2011లో లక్షకు 5.26 మంది ఉంటే 2013కి 2.67కు తగ్గారు. రెండేళ్ళలో సగం. శ్రీలంక 2008 నుంచి 2011 మధ్య డైమెథోయేట్, ఫెంథియాన్‌లతో పాటు పారాక్వాట్‌ను ఆపింది. 2011లో అక్కడ లక్షకు 8.5గా ఉన్న పురుగుమందుల ఆత్మహత్యలు 2015కి 4.2 అయ్యాయి. వాళ్ళ బాధలు తీరిపోయాయా? లేదు. సీసా అందలేదు, అంతే. ఈ నిషేధాల వల్ల పంట దిగుబడి పడిపోయిన దాఖలా ఆ రెండు దేశాల్లోనూ కనబడలేదు.

స్విట్జర్లాండ్ 1989లోనే దీన్ని వద్దంది. యూరప్ కోర్టు 2007లో అనుమతి కొట్టేసింది. చైనా, వియత్నాం, థాయిలాండ్, మలేసియా, బ్రెజిల్ ఒకదాని వెంట ఒకటి ఆపేశాయి. వీటిలో వరి పండించే దేశాలున్నాయి, పత్తి పండించే దేశాలున్నాయి. ఇంగ్లండులో మాత్రం తమ చేలల్లో కొట్టడం ఆపేసిన తర్వాత కూడా బయటి దేశాలకు అమ్మడం కోసం ఫ్యాక్టరీలో తయారు చేస్తూ వచ్చారు. తమ పిల్లలకు పనికిరానిది మన పిల్లలకు పనికొస్తుందట.

చట్టంలో తాళం ఎక్కడుంది

మన దేశంలో ఇప్పటికీ 1968 నాటి పురుగుమందుల చట్టమే దీనికి ఆధారం. అందులో 27వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఒక మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపగలదు, ఇంకో 30 రోజులు పొడిగించగలదు. అక్కడితో సరి. 91వ రోజున సీసా మళ్ళీ అల్మారాలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేసి శాశ్వతంగా ఆపే అధికారం కేంద్రానిది. కాబట్టి రాష్ట్రం అరవై రోజులు ఆపిందని ఎవరైనా చెబితే మంచిదే అందాం, చప్పట్లు మాత్రం కొట్టొద్దు. అది తాళం కాదు, గడియ.

కేరళ 2011లోనే పారాక్వాట్‌తో సహా పద్నాలుగు రకాల మందుల అమ్మకాన్ని ఆపింది. ఒడిశాలో బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాల డాక్టర్లు 2019లో దీన్ని నిషేధించమని నిరసనకు దిగారు. రోజూ ఆ చావులు చూసి చూసి వాళ్ళు రోడ్డెక్కారు. మన రాష్ట్రంలోనూ డాక్టర్లు ఇదే అడుగుతున్నారు. కేంద్రం తీరు వేరు. ఈ విషాన్ని రాటర్‌డామ్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో చేర్చాలన్నప్పుడు అడ్డుపడిన దేశాల్లో మన దేశం ఉంది. ఆ జాబితాలో చేరితే నిషేధం కూడా కాదు. కొనే దేశానికి ముందుగా ప్రమాదం చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి, అంతే. ఆ మాత్రానికి కూడా మన ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇది కదలదు అనుకునేవాళ్ళు కాసర్‌గోడ్‌ను గుర్తు చేసుకోండి. జీడి తోటల మీద ఏళ్ళ తరబడి ఎండోసల్ఫాన్ చల్లితే పిల్లలు జబ్బులతో పుట్టారు. ప్రభుత్వం ఆధారాలు లేవంది. తల్లులు వదల్లేదు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతటా ఆపింది. గెలిచింది శాస్త్రవేత్తలు మాత్రమే కాదు, పిల్లల్ని చంకనెత్తుకుని రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళు.

మనం చేయాల్సింది

పంతుళ్ళూ, పంతులమ్మలూ! బడిలో పిల్లలతో ఊరి కూరల జాబితా రాయించండి. గోండీలో, కొలామీలో, కోయలో, లంబాడీలో, తెలుగులో. ఏ కూర ఏ చేలో ఉండేది, ఇప్పుడెక్కడ లేదు అని అవ్వలను అడిగి రాయమనండి. విషానికి మీ భాషలో ఏమంటారో అడిగి, ఆ మాటనే ఈ సీసాకు పెట్టించండి. చూరులో సీసా ఉంచకూడదని, వేరే సీసాలో పోయకూడదని పిల్లల నోటితో ఇళ్ళకు చేరవేయండి. మీద పడితే వెంటనే బట్టలు విప్పి సబ్బుతో కడగాలని, నోట్లోకి పోతే బాగానే ఉన్నాడు కదా అని ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పండి. మనసు బాగాలేని పిల్ల కనబడితే పక్కన కూర్చోండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! గ్రామసభ మనది. పెసా చట్టం ఇచ్చిన గ్రామసభ ఒక మందు లైసెన్సును రద్దు చేయలేదు, నిజమే. కానీ మా ఊళ్ళో ఈ విషం అమ్మొద్దు, కొట్టొద్దు అని తీర్మానం రాసి వేలిముద్రలు వేసి కలెక్టర్‌కు, ఐ.టి.డి.ఎ. ప్రాజెక్టు అధికారికి, ఢిల్లీలో వ్యవసాయ మంత్రికి పంపగలదు. ఒక ఊరి కాగితం చెత్తబుట్టలో పడొచ్చు. ఏజెన్సీలోని ప్రతి ఊరి నుంచీ అదే కాగితం వెళ్తే పడేయడానికి బుట్ట చాలదు. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను రోడ్డు గురించి, పింఛను గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి.

అడగాల్సినవి నాలుగే. కేంద్రం పారాక్వాట్ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలి. అప్పటిదాకా రాష్ట్రం తన చేతిలో ఉన్న ప్రతి రోజునూ వాడి అమ్మకం ఆపాలి, లైసెన్సులు బిగించాలి. దుకాణాల్లో, ఇళ్ళల్లో ఉన్న నిల్వను కంపెనీలే డబ్బిచ్చి వెనక్కి తీసుకోవాలి. కలుపు తీయడానికి మనకు యంత్రాలు, ఎడ్లు, మిశ్రమ పంటల విత్తనాలు ఇవ్వాలి.

గడ్డి మళ్ళీ మొలుస్తుంది. దాన్ని మళ్ళీ పీకవచ్చు. మన ఇంట్లోంచి పోయిన మనిషి మళ్ళీ మొలవడు.